కప్పత్తయ్య బ్యాటరీ

పిల్లలకు జీవవైవిధ్యం నేర్పడానికి అడ్డుగా ఉన్న జీవులన్నిటినీ మంగళవారంలోగా బడి ఆవరణ నుంచి తొలగించాలని యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. యాజమాన్యమంటే కరస్పాండెంటుగారు, ఆయన భార్య, ఆయన బావమరిది. భార్య సమావేశానికి రాలేదు కాబట్టి ఏకగ్రీవానికి ఇబ్బంది కలగలేదు. బావమరిదికి టైల్స్ దుకాణం ఉంది కాబట్టి చర్చ కూడా ఎక్కువసేపు సాగలేదు.

బుధవారం బడిలో జీవవైవిధ్య దినోత్సవం. జీవవైవిధ్య శాఖ డైరెక్టరుగారే స్వయంగా వచ్చి చూసి, నచ్చితే 'పచ్చని బడి' అనే బిరుదు ఇస్తారు. బిరుదు వస్తే గేటు మీద రాసుకోవచ్చు. గేటు మీద రాసుకుంటే ఫీజు పెంచుకోవచ్చు. ఇందులో ప్రకృతికి వచ్చే నష్టమేమీ లేదు.

పనులు చకచకా సాగాయి. చీమల పుట్టల్లో మందు పోశారు. గోడ వెంబడి పెరిగిన గడ్డి పీకించి, దాని స్థానంలో ఎండకూ వానకూ చెక్కుచెదరని ఆకుపచ్చ ప్లాస్టిక్ తివాచీ పరిచారు. గేటు దగ్గర కట్టిన బ్యానర్ మీద 'చెట్లను ప్రేమిద్దాం' అన్న మాటల్లో 'ప్రేమిద్దాం' కొమ్మల చాటున పడిపోయింది. కొమ్మలు కొట్టించాక ప్రేమ రోడ్డు దాకా కనపడింది. హాల్లో థర్మోకోల్ అడవి లేచింది. దాని నిండా ప్లాస్టిక్ ఏనుగులు, ప్లాస్టిక్ మొసళ్ళు, ఒక ప్లాస్టిక్ తిమింగలం. తిమింగలం అడవిలో ఎందుకని ఎవరూ అడగలేదు, సెట్టుతో ఉచితంగా వచ్చింది. ప్రతి బొమ్మ ముందూ ఒక బోర్డు పెట్టారు: 'నమూనా. తాకరాదు.' బోర్డు ఉన్నదాన్ని ముట్టుకున్నవాడి ఉద్యోగం ఊడుతుందని కరస్పాండెంటుగారు పనివాళ్ళందరినీ నిలబెట్టి చెప్పారు.

ఈ హడావుడిలో చిన్నక్లాసు టీచరుకు మాత్రం రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు. నాలుగైదేళ్ళ పిల్లలకు ఆమె ఒక మాట ఇచ్చింది. పెద్దవాళ్ళకిచ్చిన మాటైతే మర్చిపోవచ్చు. పిల్లలకిచ్చిన మాట అలా కాదు, వాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి చీర కొంగు పట్టుకుని గుర్తు చేస్తారు.

సంగతేమిటంటే, చిన్నక్లాసు గది వెనక ఒక కొళాయి ఉంది. అది కారుతుంది. బడి పుట్టినప్పటి నుంచీ కారుతూనే ఉంది. దాన్ని బాగుచేయించే తీరిక ఎవరికీ దొరక్కపోవడం కొన్ని ప్రాణాలు చేసుకున్న పుణ్యం. కొళాయి కింద చాపంత మడుగు, మడుగు చుట్టూ తుంగ, తుంగలో నత్తలు, రాయి కింద రోకలిబండ పురుగులు, పైన తూనీగలు, వీటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక బోదురుకప్ప. పిల్లలు అందరితోనూ చుట్టరికం కలుపుకున్నారు. నత్త తాతయ్య. తూనీగ బావలు. కప్పత్తయ్య. పుస్తకంలో 'ప్రాణమున్నవి, ప్రాణం లేనివి' పాఠం వచ్చినప్పుడు టీచరు పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళి కూర్చోబెట్టేది. రాయి ఊపిరి తీయదు, కప్పత్తయ్య గొంతు కింద చూడండి, ఎలా కొట్టుకుంటోందో. పిల్లలు కూడా తమ గొంతుల కింద వేలు పెట్టుకుని చూసుకునేవారు. ఆ కాసేపు క్లాసంతా నిశ్శబ్దంగా ఉండేది. టీచరు జీవితంలో అది కూడా ఒక చిన్న సుఖం.

ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం అక్కడ టైల్స్ పడబోతున్నాయి.

"కప్పత్తయ్యను ఏం చేస్తారు టీచర్?" అని అడిగింది ఎందుకమ్మ. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గాని, రోజుకు అన్నిసార్లు 'ఎందుకు' అనడం వల్ల ఆయా పెట్టిన ఈ పేరే స్థిరపడిపోయింది.

"ఏమీ చేయరమ్మా. నేనున్నాగా."

"ఒట్టు?"

"ఒట్టు."

అదీ ఇచ్చిన మాట. ఇచ్చింది తాత్కాలిక ఉద్యోగి. ఈ దినోత్సవం సవ్యంగా జరిగితే ఆమె ఉద్యోగం పర్మనెంటు చేసే విషయం 'సానుభూతితో పరిశీలించబడుతుంది' అని ఆమెకు చెప్పి ఉన్నారు. అలా పరిశీలించబడటం ఇది ఎన్నోసారో ఆమె లెక్క పెట్టడం మానేసింది.

ధైర్యం కూడగట్టుకుని కరస్పాండెంటుగారి గదికి వెళ్ళింది.

"సార్, జీవవైవిధ్యం అంటే అదే కదండీ. ఆ మడుగు."

ఆయన జాలిగా నవ్వారు. "అమ్మా, బురదుంటే జీవవైవిధ్యం ఎక్కడ కనపడుతుంది? నేలంటూ శుభ్రంగా ఉంటే కదా దాని మీద ఏదైనా పెట్టి చూపిస్తాం."

"పిల్లలకి దాని మీద ప్రాణం సార్."

"మా బావమరిది టైల్స్ మీద కప్ప బొమ్మ వేసి ఇస్తాడమ్మా. ప్రతి టైలుకూ ఒక కప్ప. ఇప్పుడు ఒక్కటే, అప్పుడు అరవై. ఇది వైవిధ్యం పెరగడమా, తగ్గడమా? నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

చదువుకున్నది కాబట్టి ఆమె నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

ఆ మధ్యలో వేషాల గొడవొకటి. పిల్లలు తలా ఒక జీవి వేషం వేయాలి. జీవిని ఎంచుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకు ఇచ్చారు. వాళ్ళు స్వేచ్ఛగా పులినే ఎంచుకున్నారు. క్లాసులో ఇద్దరు సింహాలు, ఒక గద్ద తప్ప మిగతా అందరూ పులులే. పాఠం ప్రకారం పులి జింకను తినాలి, జింక గడ్డి తినాలి. జింక వేషానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకోలేదు, గడ్డి సంగతి అడగనే అక్కర్లేదు. ఎందుకమ్మ మాత్రం వానపాము వేస్తానంది. సాయంత్రానికల్లా వాళ్ళమ్మ వచ్చింది.

"ఏం టీచర్, మా అమ్మాయికి మార్కులు తక్కువొస్తున్నాయా?"

"లేదండీ, తనే అడిగింది. వానపాము లేకపోతే మట్టి..."

"మావైపుగాని వాళ్ళ నాన్నవైపుగాని వానపాములెవరూ లేరండీ. పులి రాసుకోండి."

ఇన్ని పులుల చారలు ఇన్ని రకాలుగా ఉంటే క్రమశిక్షణ దెబ్బతింటుందని, జీవులన్నీ లేత నీలం రంగులోనే ఉండాలని యాజమాన్యం ఉత్తర్వు జారీ చేసింది. గద్ద కూడా నీలమే. వైవిధ్యంలో ఇంతటి ఏకత్వం ఇంతకుముందు ఏ బడీ సాధించలేదు.

మంగళవారం మధ్యాహ్నం టైల్స్ బండి వచ్చి వెనక గేటు దగ్గర ఆగింది. టీచరు కిటికీలోంచి చూసింది. పిల్లలు ఆమెను చూశారు. ఎందుకమ్మ గొంతు కింద వేలు పెట్టుకుని కూర్చుంది.

టీచరు కుర్చీలోంచి లేచి హాల్లోకి నడిచింది. ఆయా అక్కడ థర్మోకోల్ అడవిని తడిగుడ్డతో తుడుస్తోంది.

"అక్కా, ఆ తిమింగలం దగ్గర బోర్డు ఒకసారి ఇస్తావా?"

"దేనికమ్మా?"

"వెనక అవసరం పడింది."

ఆయా ఆమె మొహంలోకి చూసింది. బోర్డుతోపాటు ఒక మొసలిని కూడా చంకలో పెట్టుకుంది. "బోర్డు ఒక్కటే అయితే ఎవరూ నమ్మరమ్మా," అంది. "పక్కన ఒక దొంగ వస్తువు ఉండాల."

టైల్స్ పనివాళ్ళు సిమెంటు కలుపుకుని వచ్చేసరికి మడుగు చుట్టూ రిబ్బను కట్టి ఉంది. తుంగలోంచి ప్లాస్టిక్ మొసలి నోరు తెరిచి చూస్తోంది. ముందు బోర్డు: 'నమూనా. తాకరాదు.' మేస్త్రీ చేతిలో తాపీ అలాగే ఆగిపోయింది. ఉద్యోగం ఊడదన్న ధీమాతో ఉండటానికి ఆయనేమైనా కరస్పాండెంటుగారి బావమరిదా? తెచ్చిన టైల్స్ తిరిగి మోసుకెళ్ళడం దండగని సైకిల్ స్టాండులో పరిచేసి వెళ్ళిపోయారు.

టీచరు గదిలోకి వచ్చి పిల్లల్ని దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి చెప్పింది. "రేపు ఎవరడిగినా కప్పత్తయ్య ప్లాస్టిక్ అని చెప్పాలి. సరేనా?"

"అబద్ధం కదా టీచర్," అంది ఎందుకమ్మ.

"అబద్ధమే తల్లీ."

"మరి ఎందుకు?"

టీచరు ఆ పిల్ల జడ రిబ్బను విప్పి మళ్ళీ కట్టింది.

బుధవారం డైరెక్టరుగారి కారు ముందు గేటులో పట్టలేదు. ఆయన్ని ఆహ్వానించడానికి కట్టిన స్వాగత ద్వారమే దారికి అడ్డంగా ఉంది. కారు చుట్టూ తిరిగి వెనక గేటులోంచి వచ్చింది. ఆయన దిగీ దిగగానే కాలు పెట్టింది మడుగు ఒడ్డున. వెనకే పరుగెత్తుకొచ్చిన కరస్పాండెంటుగారికి మడుగు కనపడి గుండె ఆగినంత పనైంది. "టీచర్," అని పళ్ళ మధ్యనుంచి పిలిచారు. ఆమె నీలం పులుల మధ్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వచ్చే నెల నుంచి ఇంటి ఖర్చు ఎలా తగ్గించాలో మనసులో అప్పుడే లెక్క మొదలైంది.

డైరెక్టరుగారు వంగి బోర్డు చదివారు. తర్వాత మడుగును చూశారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"అద్భుతం," అన్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత సహజమైన నమూనా చూడలేదు. ఈ బురద చూడండి. తడిగా కూడా ఉంది. ఎవరు చేశారు?"

కరస్పాండెంటుగారు కండువా సర్దుకున్నారు. అబద్ధం చెప్పడం ఆయనకు అలవాటే గాని, సిద్ధపడటానికి ఎప్పుడూ కొంచెం వ్యవధి ఉండేది. "మనవాళ్ళే సార్. కాకపోతే సామాను పైదేశం నుంచి తెప్పించాం," అన్నారు.

సరిగ్గా అప్పుడే కప్పత్తయ్య ఒక్క గెంతు గెంతి డైరెక్టరుగారి బూటు మీద కూర్చుంది. గొంతు కింద చర్మం ఎగిరెగిరి పడుతోంది. పులులన్నీ ఊపిరి బిగబట్టాయి.

"బ్యాటరీయా, సెన్సరా?" అన్నారు డైరెక్టరుగారు.

"సెన్సర్ సార్."

ఆయన కప్పను చేతిలోకి తీసుకున్నారు. అది తన సహజ ధర్మం ప్రకారం ఆయన అరచేతిని తడిపింది. "కొంచెం లీకేజీ ఉంది," అన్నారు రుమాలు తీసుకుంటూ. "అయినా పెద్ద లోపం కాదు." ఆ తర్వాత ఎదురుగా ఉన్న బుల్లి పులి బుగ్గ తట్టి, "పాపా, ఇది నిజం కప్పా, బొమ్మ కప్పా?" అని అడిగారు.

ఆ పులి ఎందుకమ్మ. టీచరు వైపు చూసింది. టీచరు నేల వైపు చూసింది.

"ప్లాస్టిక్ సార్," అంది ఎందుకమ్మ. "నిజంది అయితే ఉంచరు కదండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. వినకూడని మాట విన్నట్టుగా టీచరు ఒక్కతే తల దించుకుంది.

సభలో డైరెక్టరుగారు గంట మాట్లాడారు. "జీవవైవిధ్యం అంటే ఏమిటి? జీవం, వైవిధ్యం. ఈ రెండింటినీ కలిపితే జీవవైవిధ్యం. విడదీస్తే జీవం వేరు, వైవిధ్యం వేరు. దీని పరిరక్షణకు నేను నా జీవితాన్నే అంకితం చేశాను. ఆ పనిలో పడి ఆఫీసు దాటి బయటికి వెళ్ళే తీరిక కూడా చేసుకోలేదు. ఈ రోజు ఆ మడుగు నమూనా చూశాక బయటికి వెళ్ళాల్సిన అవసరం లేదని తేలిపోయింది." పులులు ఆవులించాయి. గద్ద నిద్రపోయింది.

'పచ్చని బడి' బిరుదు వచ్చింది. కరస్పాండెంటుగారు నమూనా రహస్యాన్ని కడుపులో దాచుకున్నారు. దాచుకున్న కొద్దీ అది ఆయనకే నిజమైపోయింది. మడుగు చుట్టూ ఇత్తడి కడ్డీలు పెట్టించారు. ఒక కాపలావాణ్ణి వేశారు. నెలకోసారి మరమ్మతులవాడొకతను వచ్చి కప్పను అటూ ఇటూ తిప్పి చూసి, మూత దొరక్క, 'బ్యాటరీ బాగానే ఉంది' అని చెప్పి సంతకం పెట్టి వెళ్తాడు. వానలు పడ్డాక మడుగు నిండా తోకలున్న కప్పపిల్లలు తేలితే, కంపెనీవాళ్ళు పండగ ఆఫరు కింద చిన్న మోడళ్ళు పంపారని బావమరిది అందరికీ చెప్పాడు. కొళాయి కారడం ఆపకూడదని లిఖితపూర్వక ఉత్తర్వు వచ్చింది. బావమరిది వ్యాపారం కూడా పుంజుకుంది. ఇళ్ళ ముందు తానే వేసిన టైల్స్ తానే పగలగొట్టి, వాటి కింద 'సహజ మట్టి నమూనా' అమర్చి, చదరపు అడుగుకింత అని వసూలు చేస్తున్నాడు. మట్టి ఎక్కడిదంటే పైదేశం వైపు చూపిస్తాడు.

టీచరు ఉద్యోగం ఇంకా సానుభూతితో పరిశీలించబడుతూనే ఉంది. పొద్దున్నే తాళం తీసేటప్పుడు గది వెనకనుంచి 'బెక' అని ఒక పలకరింపు వినపడుతుంది. ఆమెకు ఆ పూటకు అది చాలు.

సంవత్సరం చివర చిన్నక్లాసుకు నోటి పరీక్ష పెట్టారు. ప్రశ్న పాఠంలోదే: ప్రాణమున్నవాటికీ, ప్రాణం లేనివాటికీ తేడా ఏమిటి? పుస్తకం ప్రకారం జవాబు, ప్రాణమున్నవి కదులుతాయి, ఊపిరి తీస్తాయి, పెరుగుతాయి. పులులు వరుసగా వచ్చి అప్పజెప్పి వెళ్ళాయి. ఎందుకమ్మ వచ్చి, కడ్డీల అవతల కాపలాతో, బోర్డుతో, ఉత్తర్వుతో దర్జాగా కూర్చున్న కప్పత్తయ్య వైపు కిటికీలోంచి కాసేపు చూసింది.

"ప్రాణం లేనివాటిని పెద్దవాళ్ళు జాగ్రత్తగా చూసుకుంటారు టీచర్," అంది.

టీచరు చేతిలో కలం ఉంది, ఎదురుగా మార్కుల పట్టీ ఉంది. ఆమె ఎన్ని మార్కులు వేసిందో బయటికి రాలేదు. మీరైతే ఎన్ని వేస్తారో ఇప్పుడే చెప్పాలని తొందరేమీ లేదు, మీ వాకిట్లో టైల్స్ కింద సిమెంటు ఆరాక చెప్పండి.