‘కె’ అనే అక్షరంపై విచారణ

ఇంగ్లీషు అక్షరం ‘కె’ ప్రవర్తనపై విచారణకు ఆ స్కూలు యాజమాన్యం ముగ్గురు సభ్యులతో సంఘం వేసింది. అక్షరం ఎలాగూ సంజాయిషీ ఇచ్చుకోదు కాబట్టి, దాన్ని పలికిన ఆయమ్మని పిలిపించారు.

ఆవరణలో ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదన్నది అక్కడి నియమం. గోడ దూకే పిల్లి కూడా అరిచేముందు ఒకసారి ఆలోచించుకునేది. పదకొండేళ్లుగా పిల్లల ముక్కులు తుడుస్తూ, గుమ్మం బయట నిలబడి అక్షరాలు నేర్చుకున్న ఆయమ్మ నియమం తప్పే మనిషి కాదు. అందుకే పళ్లు కోయడానికి కత్తి కావలసివస్తే, సొరుగు మీది చీటీ కూడబలుక్కుని, “క్నైఫ్ ప్లీజ్” అని గట్టిగా అడిగింది. సరిగ్గా అప్పుడే కరస్పాండెంటుగారు కొత్త తల్లిదండ్రులకు వంటగది శుభ్రత చూపిస్తున్నారు.

పిల్లల చెవులు పాడుచేసినందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని మెమో వచ్చింది. అందులో నాలుగు స్పెల్లింగు తప్పులున్నాయి. పైవాళ్లవి కాబట్టి అవి శైలి అనిపించుకున్నాయి.

“దాంట్లో కె ఉంది కదండీ?” అంది ఆయమ్మ సంఘం ముందు చేతులు కట్టుకుని.

“ఉంటుంది. పలకకూడదు.”

“పలకనిదాన్ని ఎందుకు పెట్టుకున్నారండీ మరి?”

సంఘం మంచినీళ్లు తాగింది.

సంఘంలో ఒకరైన ఇంగ్లీషు టీచరమ్మ భాషాచరిత్ర చదువుకుంది. పాపం, చదివింది మర్చిపోలేదు కూడా. “నోరు ముందు, రాత తర్వాతండీ. పలుకు మారిపోతుంది, రాత మాత్రం ఉన్నచోటే కూర్చుంటుంది. కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో రాజుగారి దగ్గర్నుంచి గుర్రాలవాడి దాకా అందరూ ఆ కె పలికినవాళ్లే. ఆయమ్మది తప్పు కాదు, కాస్త ఆలస్యంగా పుట్టింది, అంతే!” అంది.

ప్రాచీనమన్న మాట వింటే కరస్పాండెంటుగారికి ఒళ్లు పులకరిస్తుంది. పక్క స్కూలువాళ్లకి లేనిది దొరికిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఇకమీదట ప్రాచీన ఉచ్చారణే అధికారికమని మర్నాడే ఉత్తర్వు వచ్చింది. పిల్లలు ఆటల్లో ‘క్నీ’లు చెక్కుకుపోయి ఏడ్చారు. తలుపులు ‘క్నాక్’ చేశారు. అన్నిటికంటే వాడుక తక్కువైన ‘క్నాలెడ్జి’కి కూడా ఓ బోర్డు రాయించారు. “అయ్యో, నా ఉద్దేశం ఏదీ గొప్పా కాదు, తక్కువా కాదని...” అనబోయింది టీచరమ్మ. ఉద్దేశాలు సిలబస్‌లో లేవన్నారు.

ఈ ఉత్తర్వు ఆయమ్మకి అందలేదు. ఆయాలకి ఉత్తర్వులు పంపే అలవాటు అక్కడ లేదు. పైగా విచారణ తేలేదాకా ఆమెని ఇంట్లో కూర్చోమన్నారు. ఆ పదిహేను రోజులూ ఆమె మనవరాలి చేత చెప్పించుకుని, ఒకటే మాట వల్లించింది.

వార్షికోత్సవం నాడు పిలుపొచ్చింది. కేకు కోయడానికి కరస్పాండెంటుగారు చెయ్యి చాపారు. ఆయమ్మ కత్తి అందించి, మైకు ముందే, స్పష్టంగా, “నైఫ్, సార్” అంది.

ఇప్పుడది ఉత్తర్వు ధిక్కారం. కరస్పాండెంటుగారు మైకు అందుకున్నారు.

“సభాముఖంగా మనవి చేస్తున్నాను. మన సంస్థ ఎవరి పొట్టా కొట్టదు. ఆయమ్మ ఉద్యోగంలోనే ఉంటుంది, ఇంగ్లీషువాళ్ల దేశంలో ఆ కె లాగా. స్థానం చెక్కుచెదరదు. పలకడం మాత్రం ఉండదు!”

చప్పట్లు మోగాయి. ఆయమ్మ హాలంతా కలయజూసింది. ముందు వరసలో టీచరమ్మ గోళ్లు చూసుకుంటోంది. వెనక మూడొందల మంది చదువుకున్న తల్లిదండ్రులు. నైఫ్ సంగతీ తెలుసు, మెమో సంగతీ తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు.

పలకని అక్షరాలు ఎందుకు పెట్టుకుంటారో ఆయమ్మకి అప్పుడు అర్థమైంది. నిండుగా కనపడాలి కదా.