పైవాళ్ళ సంతకం

సోమవారం పొద్దున శిరీష వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఫారాలు పంచాలి, పదకొండింటికి డబ్బాలో వేయించాలి, సాయంత్రం హెడ్డాఫీసుకు పంపేయాలి. "మీ కంపెనీలో పని వాతావరణానికి పదికి ఎన్ని మార్కులు? పేరు అక్కర్లేదు, హోదా చాలు. నిజం రాయండి" అని ఆ ఫారంలో ఉంది. అత్తిబెలెలోని అగరుబత్తీల ఫ్యాక్టరీలో ఆమె హెచ్.ఆర్. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఈ సర్వే సవ్యంగా సాగితేనే పర్మనెంటు, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

ప్యాకింగు హాల్లో పాతికేళ్ళుగా పనిచేస్తున్న మునినారాయణప్ప, ఫ్యాను రెండేళ్ళుగా తిరగడం లేదనీ, అడిగితే కసురుతున్నారనీ రాసి మూడు మార్కులు వేశాడు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ సెలవు చీటీ కూడా పైవాళ్ళ సంతకం లేకుండా కదలని ఫ్యాక్టరీ అది. అలవాటు కొద్దీ ఫారం తీసుకెళ్ళి సూపర్‌వైజరు వనజ ముందు పెట్టాడు.

"ఏందప్పా ఇది? పైకి పోతే నన్ను బతకనిస్తారా? ఇదంతా కొట్టేసి తొమ్మిది వెయ్యి."

"ఫ్యాను తిరగలేదు కదమ్మా?"

"తిరుగుతాదిలే. ముందు రాయి."

దిద్దిన ఆ ఫారం మీద ఆమె పెట్టిన సంతకం చూసి, అదే రూలనుకుని మిగతా ఎనభై మందీ వరస కట్టారు. వనజ తన ఫారంతో సహా కట్టను మేనేజరు ప్రవీణ్‌కు ఇచ్చింది.

"ఆ ఒక్క మార్కు ఎందుకండీ కట్ చేశారు? మేడమ్ ఫీలవుతారు. అందరివీ టెన్ చేసేయండి," అన్నాడతను.

జనరల్ మేనేజరు ఛాయాదేవి ఆ కట్ట చదవకుండానే సంతకాలు చేసి సీలు వేసింది. ఇక మిగిలింది ఆమె ఫారం. చూపించడానికి ఆ ఫ్యాక్టరీలో ఆమెకు పైన ఎవరూ లేరు. అందుకే ఆమె ఒక్కతే నిజం రాసింది: "నేను రాగానే అందరూ నోళ్ళు మూసుకుంటారు. ఎవరూ నాతో ఉన్నదున్నట్టు చెప్పరు. అన్నం ఒక్కదాన్నే తింటాను. రెండు మార్కులు."

డబ్బా ఖాళీగా ఉండడంతో వెతుక్కుంటూ వచ్చిన శిరీష ఆ కట్ట చూసి తల పట్టుకుంది.

"అయ్యో మేడమ్, ఇది సీక్రెట్ సర్వే!"

"అందుకే సీలు వేశాను," అంది ఛాయాదేవి.

కట్ట వెళ్ళిపోయింది. శిరీష దిగులుగా తన బయోడేటా దిద్దుకోవడం మొదలుపెట్టింది.

శుక్రవారం హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది. "దాదాపు అందరూ పదికి పది వేశారు! సర్వే జరిపిన శిరీషగారి ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నాం. దిగులుగా ఉన్నది జనరల్ మేనేజరు ఒక్కరే. సంతోషంగా ఉన్నవాళ్ళ మధ్య నెల రోజులుంటే కోలుకుంటారు. వారి కుర్చీ ప్యాకింగు హాల్లో వేయించండి."

మర్నాడు మధ్యాహ్నానికి ఛాయాదేవి చెమటతో తడిసి ముద్దయింది.

"ఈ ఫ్యాను ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"రెండేండ్లాయె తల్లీ," అన్నాడు మునినారాయణప్ప.

"మరి నాకు చెప్పలేదేం?"

"రాసిస్తినమ్మా. అది కొట్టేసిన కాగితం మీద మీ సంతకం కూడా ఉండాది."

ముందు ఛాయాదేవే పకపకా నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆ పూట ఆమె వాళ్ళతో కలిసి రాగిముద్ద తింది. సాయంత్రానికి ఫ్యాను తిరిగింది.

మరుసటి ఏడాది సర్వే నాడు ఛాయాదేవి తన ఫారం నింపి, సంతకం కోసం మునినారాయణప్ప దగ్గరికి తెచ్చింది.