ముప్పై ఏడో నంబరు భవనం

ఆ ఉదయం భవనాల విభాగం గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికల్లా విశ్వవిద్యాలయంలోని అరవై నాలుగు భవనాల జాబితా పూర్తి చేసి, సూపరింటెండెంటు గారి చేత సంతకం పెట్టించి, తనిఖీకి వచ్చిన కమిటీకి పంపేయాలి. భవనం నంబరు, గదులెన్ని, దేనికి వాడుతున్నారు, ఇంతే అడిగారు. ఫారం అడుగున మాత్రం, తప్పుడు సమాచారం ఇచ్చిన ఉద్యోగిని సస్పెండు చేస్తామని చిన్న అక్షరాలతో ఉంది. మూడు రోజులుగా అతను ఫారం కన్నా ఆ చిన్న అక్షరాలనే ఎక్కువ చదివాడు.

ముప్పై ఆరు దాకా బండి సాఫీగా నడిచింది. ముప్పై ఏడు దగ్గర ఆగింది. లైబ్రరీ వెనక మూడు గదుల పాత కట్టడం అది. ఎప్పుడు చూసినా తాళమే. లైబ్రరీ వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"దాంట్లో ఏముందో నాకేం తెలుసండీ. నేను డ్యూటీలో చేరేనాటికే తాళం వేసుంది."

"నువ్వు చేరి ఎన్నేళ్ళయింది?"

"పదకొండండీ."

ఖాళీగా వదిలేద్దామంటే కంప్యూటరు ఒప్పుకోలేదు. అది చూపించిన మాటల్లోంచే ఒకటి ఏరుకోవాలట. తరగతి గది అంటే పిల్లలేరీ అంటారు. గిడ్డంగి అంటే సామాను చూపించమంటారు. అన్నిటికన్నా కింద 'ఇతర పరిశోధన' అని ఉంది. పరిశోధన అంటే ఎవరూ లోపలికి తొంగి చూడరు కదా అని దాన్నే నొక్కాడు.

పన్నెండింటికి సూపరింటెండెంటు గారు పిలిపించారు.

"కమిటీ పెద్దాయన మన జాబితాలో ముప్పై ఏడు దగ్గర ఆగిపోయారటండీ. భోజనం కాగానే రెండింటికి అదే చూస్తారట. ఇంతకీ అక్కడ ఏం పరిశోధన?"

గుమాస్తా ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ, గుమ్మం దగ్గర ఇద్దరు అటెండర్లు నిలబడి వింటున్నారు.

"అది... నలుగురిలో చెప్పే సంగతి కాదు మేడమ్."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అంత రహస్యమా?"

అతను గుమ్మం దగ్గరున్న అటెండర్ల వంక చూశాడు.

"వద్దు, నాకు చెప్పొద్దు," అని ఆవిడే చెయ్యి అడ్డం పెట్టారు. "రిజిస్ట్రారు గారి దగ్గరికెళ్ళి ఆయనొక్కరికే చెప్పండి."

రిజిస్ట్రారు గారు భోజనానికి వెళ్ళారు. ఫోను ఆపేసి ఉంది. గుమాస్తా ఆయన గది ముందు బల్ల మీద కూర్చుని, సస్పెండైన మనిషి పొద్దున్నే లేచి ఏం చేస్తాడా అని ఆలోచించాడు. ఎంత ఆలోచించినా స్నానం దాటి ముందుకు వెళ్ళలేకపోయాడు.

ఈలోగా సూపరింటెండెంటు గారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అంత రహస్యమైన చోట కాపలా లేకపోతే కమిటీ ముందు పరువు పోతుందని ఇద్దరు గార్డుల్ని అక్కడ నిలబెట్టించారు. ఏళ్ళ తరబడి ఆ గోడ వంక చూడకుండా పోయినవాళ్ళంతా, గార్డులుండేసరికి ఆగి మరీ చూడసాగారు.

రెండింటికి పావు తక్కువలో భార్య ఫోన్ చేసింది. ఆమె ఆ లైబ్రరీలోనే పనిచేస్తుంది.

"ఏమండీ, మమ్మల్నందర్నీ బయటికి పంపేస్తున్నారు. వెనక బిల్డింగులో ఏదో ప్రమాదకరమైన పరిశోధనట. లోపల మిషను తిరుగుతోందని గార్డు చెవి పెట్టి విన్నాట్ట."

"మిషనా?"

"ఆగి ఆగి తిరుగుతోందిట. మధ్యమధ్య ఈల కూడా వేస్తోందిట. ఫైరింజన్‌కి ఫోన్ చేశారు. మీకేమైనా తెలుసా?"

"నువ్వు ముందు బయటికి నడువు," అన్నాడు గుమాస్తా.

"తెలుసన్నమాట," అంది భార్య. పాతికేళ్ళ కాపురం మరి.

అతను పరుగందుకున్నాడు. అబద్ధమాడి సస్పెండవడం ఒక ఎత్తు, ఆ అబద్ధం లోపల నిజంగానే ఏదో తిరుగుతుండడం ఇంకో ఎత్తు. వెళ్ళేసరికి ఫైరింజను వచ్చి ఉంది. చుట్టూ విద్యార్థులు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్న సూపరింటెండెంటు గారు, పక్కనే కమిటీ పెద్దాయన. గుమాస్తా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"సార్, అందులో పరిశోధనా లేదు, పాడూ లేదు. అది దేనికి వాడతారో నాకు తెలీదు. ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోలేదని రాసేశాను. తప్పు నాదే సార్."

ఫైరింజనువాళ్ళ గొడ్డలి దెబ్బల మోతలో పెద్దాయనకి అందులో ఒక్క ముక్కా వినబడలేదు. తలుపు ఊడి పడింది.

లోపల గది శుభ్రంగా ఊడ్చి ఉంది. కిటికీకి దళసరి తెర, ఒక టేబుల్ ఫ్యాను, ఒక మంచం, మంచం మీద రిజిస్ట్రారు గారు. వెనక తలుపు గడియకి ఆయన చొక్కా వేలాడుతోంది. ఆయన ముక్కులో మిషను ఇంకో చుట్టు తిరిగి, ఈల వేసి, ఆగింది. ఆయన కళ్ళు తెరిచి, గొడ్డలినీ దాని వెనకున్న ముఖాలనీ చూసి, లేచి కూర్చుని బనియను సర్దుకున్నారు.

"ఇదేనా ఆ పరిశోధన?" అని అడిగారు కమిటీ పెద్దాయన.

గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు.

"ఇదే," అన్నారు రిజిస్ట్రారు గారు తొణక్కుండా. "మధ్యాహ్నం నిద్రకీ, ఆ తర్వాత చేసే పనికీ ఉన్న సంబంధం. ఏడేళ్ళుగా నడుస్తోంది. నేను స్వయంగా చూసుకుంటున్నాను."

పెద్దాయన పొద్దుట్నుంచి మెట్లెక్కుతూ దిగుతూ పద్దెనిమిది భవనాలు తిరిగిన మనిషి. మంచం వంక కాసేపు చూశారు. చెప్పులు విడిచి దాని అంచున కూర్చున్నారు. ఆ తర్వాత మెల్లగా ఒరిగారు. "ఆ తెర కాస్త దగ్గరికి లాగండి," అన్నారు.

నాలుగింటికి లేచి నివేదిక రాయించారు. చెప్పిన పనికే వాడుతున్న భవనం ఈ విశ్వవిద్యాలయంలో తమకి ఇదొక్కటే కనబడిందని అందులో ఉంది. గుమాస్తా ఇంటికెళ్ళి, చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

మర్నాడు రిజిస్ట్రారు కార్యాలయం నుంచి అతనికి మెమో వచ్చింది: రహస్య పరిశోధన జరిగే చోటుని జాబితాలో బాహాటంగా రాసినందుకు.