చీము పట్టని వీపుకు మందు లేదు

నా వెన్నెముకకు ఈ లోకంలో శత్రువులు ఇద్దరు. ఒకటి, మిరప బస్తాల లారీ. రెండు, పెద్దదవాఖానా మందుల స్టోరు అధికారి బసవపున్నయ్య గారు. లారీని నేను ఏనాడో క్షమించాను. పాపం, దానికి నిబంధనలు తెలియవు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశం సాధించిన గొప్ప విజయం ఏమిటని అడిగితే నివారణ అని ఒక్క మాటలో చెబుతాను. మన ఆఫీసులు నివారించలేని పనంటూ లేదు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి వీపు కోయించుకున్నాక గానీ అర్థం కాలేదు. చదువుకున్నవాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

ఎనభై ఆరులో గోదావరి వరద వచ్చిపోయిన మరుసటి ఏడు. బూర్గంపాడు దగ్గర మా కల్లంలో మిరప బస్తాలు లారీకి ఎత్తుతున్నాం. నేను పైన నిలబడి తాడు బిగిస్తుండగా డ్రైవరు బండి కదిలించాడు. ముందు నేను పడ్డాను, తర్వాత నా మీద బస్తా పడింది. బస్తా చిరగలేదని వ్యాపారి చాలా సంతోషించాడు.

పెద్దదవాఖానాలో ఎముకల డాక్టరు ప్రమీలారాణి గారు ఫోటో తీయించి, నడుములో పూస నలిగిందనీ, గురువారం కోసి సరిచేస్తాననీ చెప్పారు. ఆమె మద్రాసులో చదివి వచ్చిన మనిషి. కోతకు భయపడవద్దన్నారు. అసలు భయపడాల్సింది చీముకట. వీపు లోతున చీము పట్టిందంటే మళ్లీ విప్పాలి, నెలల తరబడి పడుకోవాలి, ఒక్కోసారి మనిషే దక్కడట. అందుకని కుట్లు వేసేముందు ఎర్రమందును ఉప్పునీళ్లలో పలచగా కలిపి గాయం నిండా పోసి, కాసేపు ఉంచి కడుగుతారట. ఆ మందుకు ఆమె పోవిడోన్ అయోడిన్ అనే పేరు చెప్పారు. నాకు నోరు తిరగలేదు. వార్డంతా ఎర్రమందే అంటుంది.

చీటీ పట్టుకుని మా ఇంటామె సుశీలమ్మ స్టోరు కిటికీ దగ్గరికి పోయింది. అక్కడ జరిగిన సంభాషణను ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, ఇప్పుడది నా కళ్లముందే జరిగినట్టుంటుంది.

"సార్, ఎర్రమందు సీసా ఒకటి ఇయ్యమన్నది డాక్టరమ్మ."

"ఖాళీ సీసా ఏదమ్మా?"

"ఖాళీది ఏడికెల్లి వస్తది సార్? మీరింకా నిండుదే ఇయ్యకపోతిరి."

"ఖాళీది జమ చేస్తేనే నిండుది ఇస్తాం. కిరసనాయిలుకు వెళ్లేటప్పుడు డబ్బా పట్టుకెళ్లవూ?"

"ఆ డబ్బా మాది సార్. సీసా మీదాయె."

"మాది కాబట్టే మరీ జాగ్రత్తగా ఉండాలి."

ఇక్కడ పాఠకులకు ఒక విషయం మనవి చేయాలి. ఆ దవాఖానాలో ఖాళీ సీసా అనేది నిలవదు. అడవి అంచు మనుషులం, మాకు తేనె ఎక్కువ, సీసాలు తక్కువ. ఎర్రమందు సీసా గోధుమరంగుది, మూత గట్టిది, ఎండకు తేనె చెడదు. అందువల్ల సీసాలో మందు అయిపోయిన గంటలోపే అది బస్టాండు చేరి, తేనెసీసాగా రెండో జన్మ ఎత్తుతుంది. (మందుకంటే సీసాకే గిరాకీ ఎక్కువని స్టోరు వారికి తెలియకపోలేదు.)

సుశీలమ్మ బస్టాండుకు పోయింది. అక్కడ హేమ్లా అనే అతను తేనె అమ్ముతాడు.

"తమ్మీ, ఈ సీసా ఎంత?"

"తేనె ఎంత అనాలె గానీ, సీసా ఎంత అంటవేందక్కా?"

"నాకు తేనె వద్దు. సీసా ఒక్కటి ఇయ్యి."

"సీసా నీకిస్తే తేనె నా జేబుల పోసుకోవాల్నా?"

చివరికి రెండూ కొనక తప్పలేదు. తేనె నా అన్నం క్యారియరులోకి వచ్చింది. ఆపరేషన్ దాకా నేను దవాఖానా పప్పును తేనెతో తిన్నాను. సీసా స్టోరుకు పోయింది. బసవపున్నయ్య గారు దాన్ని వెలుతురుకు పట్టి చూశారు, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"సీసా మాదే. కానీ ఖాళీగా లేదు."

"ఏమున్నది సార్ అండ్ల?"

"చీమలున్నాయి."

ఆమె కుళాయి దగ్గరికి పోయి చీమలను సాగనంపి, సీసా కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది. ఆయన తృప్తిగా తల ఊపి, సీసాను లోపల బల్ల మీద పెట్టుకున్నారు.

"ఇప్పుడు సక్రమంగా ఉంది. జమ అయింది."

"మరి మందు సార్?"

"మందు ఇవ్వడానికి లేదమ్మా. నిలిపేశాం."

ఈ మాట విని డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చారు. బసవపున్నయ్య గారు లేచి నిలబడి (మర్యాదలో ఆయనకు వంక పెట్టలేం) విషయం వివరించారు. ఎర్రమందు చీము కేసులకు కేటాయించిన మందు. డాక్టరమ్మ వచ్చిన నాటినుంచి ఆ దవాఖానాలో కోసిన వీపుల్లో ఒక్కదానికీ చీము పట్టలేదు. లేని జబ్బుకు మందు అనవసరమని తనిఖీ కమిటీ తేల్చింది. ఉన్న పెట్టెలను లోపలి గదిలో పెట్టి తాళం వేశారు.

"ఆ మందుతో కడిగాను కాబట్టే చీము పట్టలేదండీ," అన్నారు డాక్టరమ్మ.

"దానికి రుజువు ఏముంది మేడమ్?"

"ఎవరికీ పట్టకపోవడమే రుజువు."

"అదే మేమూ అంటున్నాం. ఎవరికీ పట్టలేదు. ఒక్క కేసు చూపించండి, పెట్టెలు పెట్టెలుగా ఇస్తాను. గోదావరి రాకముందే వరద బియ్యం పంచుతారా? వచ్చాక, ఇంట్లో నీళ్లు ఎంత లోతు నిలిచాయో చూసి పంచుతారు."

సుశీలమ్మ మధ్యలోకి వచ్చింది. "మరి కరకట్ట గూడ గోదారి ఊర్లకొచ్చినంకనే కడ్తరా సార్?"

"కరకట్ట వేరే శాఖమ్మా," అన్నారాయన.

బయట కొనుక్కోవచ్చు కదా అని మీరు అడుగుతారు. మేమూ అడిగాం. స్టోరులో నిల్వ ఉన్న మందును రోగి బయటినుంచి తేకూడదట. తెస్తే, లోపల లేదేమోనని జనం అనుకుంటారట. (లోపల ఉంది. తాళం కన్నంలోంచి సుశీలమ్మ స్వయంగా చూసింది.) డాక్టరమ్మ ఆపరేషన్ వాయిదా వేద్దామన్నారు. కానీ అప్పటికే నా ఎడమకాలు మొద్దుబారుతోంది. ఆగితే కాలు, కోస్తే చీము. కాలు ముఖ్యమని గురువారమే కోశారు. ఎర్రమందు బదులు వట్టి ఉప్పునీళ్లతోనే, పక్కనున్న సిబ్బంది విసుక్కునేదాకా కడిగారట ఆమె. మత్తులో ఉండి నేను చూడలేదు.

వారం తిరక్కుండా జ్వరం వచ్చింది. పక్క దుప్పటి తడిసింది. సుశీలమ్మ నా వీపు చూసి బయటికి పోయి కూర్చుంది. నేను వచ్చే పంట గురించి, ఆమె గురించి, ఆ రెంటినీ చూసేవాడు లేకుండా పోతాడేమోనని ఆలోచిస్తూ బోర్లా పడుకుని ఉండగా, బసవపున్నయ్య గారు పెళ్లిపిలుపు తెచ్చినవాడిలా నవ్వుముఖంతో వచ్చారు. కట్టు విప్పించి, కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"చీమే. అనుమానం లేదు. మీరు అదృష్టవంతులండీ, ఇక ఎంత మందు కావాలన్నా అడ్డులేదు."

"దండం సార్," అన్నాను. బోర్లా పడుకున్నవాడు అంతకంటే ఏం చేయగలడు?

"ఓ రెండు రోజుల ముందే కబురు చేసి ఉంటే ఇంకా బాగుండేది," అని ఆయన నన్ను మెత్తగా మందలించారు.

తాళాలు తెరుచుకున్నాయి. నా వీపును మళ్లీ విప్పి, ఈసారి ఎర్రమందుతోనే కడిగారు. అయితే చీము అప్పటికే పూసదాకా దిగిందట. నెలల తరబడి ఖరీదైన ఇంజెక్షన్లు పడ్డాయి. అవి మాత్రం బయటే కొనాలి. స్టోరులో ఏనాడూ ఉండవు కనుక నిబంధనకు ఏ భంగమూ లేదు.

నా పుణ్యాన ఆ ఏడు కోసిన వీపులన్నింటినీ ఎర్రమందుతో కడిగారు. ఒక్కరికీ చీము పట్టలేదు. దాంతో మరుసటి ఏడు తనిఖీ కమిటీ మళ్లీ వచ్చి, ఆ మందు అనవసరమని తేల్చి, తాళం వేయించి పోయింది. ఇంకో అదృష్టవంతుడి కోసం చూస్తున్నారని విన్నాను.

నేను మాత్రం లేచి నడుస్తున్నాను. జీవితంలో ఇక వంగి నాటు వేయవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ఆ ఇబ్బంది ఏమీ లేదు. వంగి నాటాల్సిన రెండెకరాల పదకొండు గుంటలు ఇంజెక్షన్ల కిందే పోయాయి.