సొరంగం గోడకు ముళ్లే అందం

మా పాత సొరంగానికి వేస్తున్న కొత్త పూతకు ముళ్లున్నాయని ఏడవకండి. ఆ ముళ్లే మన భాగ్యం!

మట్టిగోడ మెత్తేటప్పుడు గడ్డి ఎందుకు కలుపుతాం? అందానికా? కాంక్రీటులోనూ అంతే. సన్నటి ఇనుప తీగముక్కలు కలిపి గోడకు చిమ్మితే, బీట పడినా పెచ్చు ఊడి నెత్తిన పడదు. కొన్ని కొసలు బయటికి పొడుచుకొస్తాయి. వస్తే ఏం?

ఇప్పుడు గోడకు ఆనుకుని సిగరెట్ కాల్చేవాడు లేడు. తాగినవాడు కూడా నిటారుగా నడుస్తున్నాడు. మా బావమరిది కొత్త కోటు వీపున బారెడు చిరిగింది. ఆ పుణ్యమా అని పెళ్లిలో పెద్దలెవరికీ వీపు చూపకుండా, వంగి వంగి వెనక్కి నడిచాడు. అంత మర్యాద అతనికి తల్లి కూడా నేర్పలేకపోయింది!

కొండమీది పచ్చికకు వెళ్లే గొర్రెలు మాత్రం బొచ్చంతా గోడకే అప్పగించాయి. జూరకాన్ పెద్దమ్మ ఆ ఉన్నితోనే తివాచీలు చేసి బతుకుతుంది. అందుకే ఊరంతా కలిసి కాంట్రాక్టరు సుల్తాన్‌బెక్ దగ్గరికి వెళ్లాం. అప్పటికి సగం సొరంగానికే పూత పడింది.

"మిగతా సగంలో ముళ్లుండవు పెద్దమ్మా. మీ గొర్రెలు నా గొర్రెలు కావా?" అన్నాడాయన.

ఊరికి డాక్టరు కావాలని మొత్తుకుని మొత్తుకుని గొంతులు పోయాయి. ఈ కోరిక మాత్రం మర్నాడే తీరింది! అప్పుడైనా అనుమానం రావద్దూ? మాకు రాలేదు. ఆయన పేరు చెప్పి గొర్రెను కోసి విందు చేసుకున్నాం.

గోడ అద్దంలా నున్నగా వచ్చింది. రాదా మరి? తీగముక్కలు కలపడమే మానేశాడు. మొన్న అక్కడే పెద్ద పెచ్చు ఊడి, మంద ముందు నడిచే పొట్టేలు మీద పడింది. దాని వెనకే జూరకాన్ పెద్దమ్మ ఉంది. పొట్టేలు పోయింది, ఆమె దక్కింది.

పరామర్శకు వచ్చిన సుల్తాన్‌బెక్, మీరడిగిందే చేశానని చేతులు దులుపుకున్నాడు.

"మేమడిగింది బొచ్చు గురించి నాయనా. ప్రాణాల సంగతి నువ్వు చూసుకుంటావనుకున్నాం" అని పెద్దమ్మ ఆయన గిన్నెలో టీ అంచుదాకా పోసింది. మా వైపు గిన్నె నింపి పోశారంటే ఇక లేచి వెళ్లమని.

ఆయన లేచాడు. ఇంటికి సొరంగంలోంచి దగ్గరి దారి. కారు మాత్రం పాత కనుమ వైపు తిప్పి, మంచులో కొండంతా చుట్టి వెళ్లాడు. ఆయనకు కొండగాలి అంటే ఇష్టమట!