ఆదర్శ పాడిలో నూటికి నూరు

"ఇకమీదట మన పంపా మైదానంలో ఏ దూడా తల్లి కడుపులో చావదు!" అని పశుసంపద మంత్రి ఒలెగారియోగారు రేడియోలో ప్రకటించారు. ఆ వాక్యం రాసిచ్చింది పశువైద్యుడు నసరేనో. వింటూంటే తన మాటకు తనకే ఒళ్లు పులకరించింది.

అందుకోసం తెచ్చిన కొత్త టీకా తొలిసారి వేయడానికి కసీల్దా అనే వితంతువు పాడిని ఎంచారు. కిందటేడు ఆవిడ చూలు ఆవులు నెలలు నిండకుండానే వరసగా ఈసుకుపోయాయి. ఈసారి ఎర్ర పెయ్య కడుపు కూడా నిలవకపోతే మంద అమ్ముకుని పట్నంలో అంట్లు తోముకోవాల్సిందే.

టీకా రోజున పాడిలో నసరేనో మంత్రిగారి చెవిలో గొణిగాడు. "సార్, దూడల్ని కడుపులోనే చంపే ఈ పరాన్నజీవి కుక్కల ద్వారా వస్తుంది. ఆవు వేసిన మాయను కుక్క తింటుంది. మేతలో దొడ్డికి పోతుంది. ఆ మేత చూలు ఆవు తింటుంది. టీకాతోపాటు మాయ పూడ్చమనీ, కుక్కల్ని కట్టేయమనీ ప్రసంగంలో..."

"కుక్కల్ని కట్టేయమంటే ఓట్లు పడతాయటయ్యా? ఇక్కడ పెళ్లాం మాట వినకపోయినా కుక్క మాట వింటారు. ఆ ముక్క కొట్టెయ్."

కొట్టేశాడు. కొట్టేయడంలో నసరేనోది అందెవేసిన చెయ్యి.

మంత్రిగారు పెయ్య తొడకు సూది ఆనించి నవ్వారు. ఫోటో తీశారు. ఈలోగా నిప్పులమీద పక్కటెముకలు కమ్మగా కాలాయి. కాలిన మాంసాన్ని చల్లారనివ్వడం ఆ నేలలో మహాపాపం కనుక తిన్నాకే సూదులు వేద్దామన్నారు. తిన్నాక కునుకు తీయకపోవడం అమర్యాద. నసరేనోకు మెలకువ వచ్చేసరికి మంత్రిగారి కారులో పక్క ఊరి దారిలో ఉన్నాడు. సూదులు తన సహాయకుడు వేసే ఉంటాడనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

రెండు నెలలకు రక్తపరీక్ష చేస్తే ప్రతి ఆవులోనూ రోగంతో పోరాడే యాంటీబాడీలే!

"టీకాకి వచ్చాయో, రోగం తగిలి వచ్చాయో ఈ పరీక్ష చెప్పదు సార్," అని నసిగాడు నసరేనో.

"ఎవరు లేపితేనేమయ్యా, సైన్యం లేచింది కదా!"

మర్నాడు పేపర్లో 'ఆదర్శ పాడిలో నూటికి నూరు స్పందన' అని వేశారు. కింద నసరేనో పేరుంది. రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదర్శ పాడికి మంత్రిగారు ఇచ్చిన పతకం పట్టుకుని, ఫోటోగ్రాఫర్ని వెంటేసుకుని కసీల్దా ఇంటికి వెళ్లాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి మాతే కషాయం తాగుతోంది. అతనికి ఇవ్వలేదు.

"వచ్చారా డాక్టరుగారూ! మీ టీకా పెట్టె నా ఫ్రిజ్‌లో జున్ను పక్కనే భద్రంగా ఉంది. మూతైనా తీయలేదు. మీ సహాయకుణ్ణి అడిగితే డాక్టరుగారే వేసేశారనుకున్నానన్నాడు. మీకు ఫోన్ చేస్తే, స్పందన బ్రహ్మాండం, కంగారుపడకన్నారు." ఆవిడ పాక వైపు చెయ్యి చూపింది. "ఎర్ర పెయ్య ఈ పొద్దున ఈసుకుపోయింది."

నసరేనోకు తల కొట్టేసినట్లయింది. "మాయ పూడ్చావా అమ్మా?" అని మాత్రం అడగగలిగాడు.

"పూడ్చాలని ఎవరైనా చెప్తే కదా!"

పాక వెనకనుంచి ఆవిడ కుక్క కపితాన్ మూతి నాక్కుంటూ వచ్చి, కెమెరా ముందు బుద్ధిగా కూర్చుంది.

"పతకం ఎవరి మెడలో వేస్తారు సార్?" అన్నాడు ఫోటోగ్రాఫరు.

నసరేనో వంగి కుక్క మెడలో వేశాడు.