మాజీ వార్డు సభ్యుల రెండో వరుస

పంచాయతీ వారి ఇంటింటి పట్టిక వచ్చిన ఆ శుక్రవారం పొద్దున పొట్నూరు వారింట్లో ఉన్నవారు నలుగురు: ట్రాక్టరు తోలే జగన్నాయకులు, ఇంటి పని చూసుకునే ఆయన భార్య వరహాలమ్మ, పదో తరగతి చదివే కూతురు ఝాన్సీ, పింఛను తీసుకునే తల్లి అసిరమ్మ. పట్టిక గోడకు అంటించిన పావుగంటకు కూడా ఉన్నది ఆ నలుగురే గాని, వరహాలమ్మ పదో తరగతిలోకీ ఝాన్సీ డెబ్బై రెండో ఏట్లోకీ వచ్చేశారు.

ఇందులో నోరు వెళ్ళబెట్టవలసింది ఏమీ లేదు. నీలాలవలసలో పట్టికలో పేరుకు ఎదురుగా ఏ వయసు పడితే ఆ వయసు, ఏ పని పడితే ఆ పని. ఏటా జనవరి నెలాఖరున కొత్త పట్టిక వస్తుంది. జనం గోడ దగ్గరికి వెళ్ళి, తమ పేరు మీద వేలుపెట్టి, వేలిని అడ్డంగా జరుపుకుంటూ వెళ్ళి, అక్కడ ఏముంటే అది అయి ఇంటికి వస్తారు. కిందటేడు పెదవీధిలో ఒకాయన తన పొడుగాటి పేరు ఒకే వరుసలో పట్టాలని అక్షరాలు చిన్నవి చేయించుకున్నాడు. ఇప్పుడు ఆయన పీట మీద పీట వేసుకుని అన్నం తింటున్నాడు. మరో ఇంటివారు పేజీ చివర పడి, సగంమంది రెండో పేజీలోకి వెళ్ళిపోయారు. ఆ సగం చెరువు అవతలి వీధిలో కాపురం ఉంటోంది. పండగలకు వచ్చి వెళుతుంటారు.

జగన్నాయకులి ఇంట్లో జరిగింది ఇంకా చిన్న విషయం. ఆయన అయిదేళ్ళు వార్డు సభ్యుడిగా చేశాడు. పదవి పోయింది గాని ఆ తీపి పోలేదు. ఈ ఏడాది పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్ళి, తన పేరు పక్కన ‘మాజీ వార్డు సభ్యులు’ అని కూడా వేయాలని పట్టుబట్టాడు. కార్యదర్శి వేయించాడు. పేర్ల గడి వెడల్పు మూడు వేళ్ళే. పేరు మొదటి వరుసలో ఆగింది, పదవి రెండో వరుసలోకి దిగింది. దాంతో భార్య మూడో వరుసకీ, కూతురు నాలుగో వరుసకీ, తల్లి అయిదో వరుసకీ జారారు. వయసుల గడిలోనూ పనుల గడిలోనూ మాత్రం ఎప్పటిలాగే నాలుగేసి వరుసలు ఉన్నాయి. పట్టికలో ఇంటికో అడ్డగీత ఉంటుంది. ఇంట్లో మనిషికో గీత ఉండదు.

అలా జగన్నాయకులికి ఎదురుగా నలభై ఆరేళ్ళూ ట్రాక్టరూ సరిగ్గానే పడ్డాయి. ఆయన మాజీ వార్డు సభ్యత్వానికి ఎదురుగా ముప్ఫై తొమ్మిదేళ్ళు, ఇంటి పని. వరహాలమ్మకు పదిహేనేళ్ళు, పదో తరగతి. ఝాన్సీకి డెబ్బై రెండేళ్ళు, వృద్ధాప్య పింఛను. అసిరమ్మకు ఎదురుగా ఏమీ లేదు. తెల్ల కాగితం.

వారం తిరిగేసరికి ఇల్లు సర్దుకుంది. జగన్నాయకులు మధ్యాహ్నం దాకా ట్రాక్టరు తోలి, తరవాత భుజాన కండువా వేసుకుని అంట్లు తోముతున్నాడు. ఆ పని తాను మామూలు మనిషిగా కాక మాజీ సభ్యుడి హోదాలో చేస్తున్నాడు కనుక కండువా తీయడానికి ఒప్పుకోలేదు. చారు మొదటి రెండు రోజులూ చెడింది. మూడో రోజు నుంచి వీధిలోవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు.

వరహాలమ్మ కూతురి యూనిఫారం కుట్లు విప్పి వదులు చేసుకుంది. రెండు జడలు వేసుకుని రిబ్బన్లు కట్టింది. చెంప మీద మొటిమ ఒకటి లేచింది. బళ్ళో మొదటి బెంచీలో కూర్చుని, మాష్టారు ప్రశ్న పూర్తిచేయకముందే చెయ్యెత్తుతోంది.

ఝాన్సీకి మొదటి రోజే మోకాళ్ళు పట్టేశాయి. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు ఆనలేదు. అరుగు మీద చాపలో కూర్చుని, దారినపోయే ప్రతివాళ్ళూ ‘‘ఏటి మామ్మా, బాగున్నావా’’ అంటే తల ఊపుతోంది. వరహాలమ్మ ఆమెను ‘అత్తా’ అంటోంది. జగన్నాయకులికి మాత్రం పిలుపు మార్చుకోవలసిన పని పడలేదు. ఆయన మొదటినుంచీ కూతుర్నీ ‘అమ్మా’ అనే పిలిచేవాడు, తల్లినీ ‘అమ్మా’ అనే పిలిచేవాడు.

ఝాన్సీకి ఒకటే దిగులు. పట్టిక వచ్చిన ఎనిమిదో రోజు సాయంత్రం అయిదింటితో సవరణల గడువు ముగుస్తుంది. మర్నాడు అదే పట్టికను చూసి పదో తరగతి హాల్ టికెట్లు కొడతారు. ఆ తరవాత ఏడాది దాకా ఎవరి వరుస వారిదే. ఆమెకు పరీక్ష రాయాలని ఉంది. ఆ మాట పైకి అనడం మాత్రం ఆమెవల్ల కాదు. బళ్ళో ‘ప్రెజెంట్ సర్’ అనడానికే ముందు రెండుసార్లు లోలోపల అనుకుని చూసుకునే పిల్ల.

ఎనిమిదో రోజు పొద్దున్నే కర్ర పట్టుకుని బస్సెక్కింది. చెప్పవలసిన ముక్క దారిపొడుగునా కూడబలుక్కుంది. పట్టికను కంప్యూటరులో కొట్టేది మండల కేంద్రంలో, బస్టాండు ఎదుట, దాలినాయుడి డీటీపీ కొట్టులో. అతను చేతికందిన స్టూలు లాగి ఆమెకు వేశాడు.

‘‘కూకో మామ్మా. ఏటి కావాల? ఆధారా, శుభలేఖా?’’

‘‘పట్టిక. మా నాన్న పేరు రెండు వరసలయిపోనాది. అందుకు మేమందరం కిందకి జారిపోనాం.’’

దాలినాయుడు పేజీ తెరిచి చూశాడు. అతని పద్ధతి ఒకటుంది. ఊళ్ళో పేర్లన్నీ పై నుంచి కింది దాకా ఒక్క ఊపున కొట్టేస్తాడు. తరవాత వయసులన్నీ. టీ తాగి వచ్చి పనులన్నీ. మూడింటినీ పక్కపక్కన నిలబెడతాడు.

‘‘నా గళ్ళల్లో తప్పేటున్నాది మామ్మా? దేనికది సూడు. పేర్లు నాలుగు, వయసులు నాలుగు, పనులు నాలుగు. ఆఫీసోళ్ళు పై నుంచి కిందకి లెక్కెట్టుకుని సంతకాలెట్టినారు. అడ్డంగా ఎవులు సదువుతారు?’’

‘‘ఊరంతా’’ అంది ఝాన్సీ.

అతను ఆ మాటకు కాస్త నొచ్చుకున్నాడు.

ఝాన్సీకి నోట్సు పుస్తకాల్లో గళ్ళు గీసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. వేలితో తెర మీద చూపించింది. ‘‘నలభై ఆరు కింద ఒక్క వరస ఖాళీ వొదిలెయ్యండి. ట్రాక్టరు కింద ఇంకొకటి. మిగిలినోళ్ళం ఎవరి జాగాలోకి వాళ్ళం ఎలిపోతాం.’’

‘‘ఒక్క ఎంటరు’’ అన్నాడు దాలినాయుడు నెమ్మదిగా. ‘‘అక్కడొకటి, ఇక్కడొకటి. అంతే కదేటి! పదేళ్ళ బట్టి కొడతన్నాను, నాకు తోచనేలేదు.’’ చెయ్యి మీట దాకా వెళ్ళి ఆగింది. ‘‘కాని నొక్కకూడదు మామ్మా. ఖాళీ వరస వొకచోట నుంచి ఇంకోచోటికి మార్చాలంటే సవరణ చీటీ ఉండాల. ఎవుల వరస కదులుతాదో వాళ్ళందరి సంతకాలూ ఉండాల. అయిదింటికి కార్యదర్శి చేతిలో పడితే, ఆయన ఫోను కొడతాడు, నేను నొక్కీస్తాను.’’

చీటీ అచ్చుతీసి ఇచ్చాడు. ఖాళీ వరుస పొందుతున్నవారి సంతకం, ఖాళీ వరుస వదులుకుంటున్నవారి సంతకం, జరుగుతున్నవారి సంతకాలు అని విడివిడిగా చోటు ఉంది. ఝాన్సీ బల్ల మీదే తన సంతకం పెట్టింది. నాయనమ్మ వేలిముద్ర కోసం కొట్లో సిరా డబ్బా కూడా అడిగి తెచ్చుకుంది.

ఇంటికొచ్చేసరికి జగన్నాయకులు గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాడు. చీటీ చూసి కండువా సర్దుకున్నాడు.

‘‘నా పదవి తీయించడానికి ఒచ్చినావేటమ్మా? అది తీసీస్తే నానెవులిని? ఒట్టి జగన్నాయకులినేటి?’’

‘‘పదవి తియ్యరు నాన్నా. అలాగే ఉంటాది. దాని ఎదురుగా మాత్రం ఏటీ రాయరు.’’

‘‘ఏటీ రాయరా? పనీ ఉండదా?’’

‘‘ఉండదు. ఖాళీ.’’

ఆయన ఓ చిక్కుడుకాయ తుంచడం ఆపి చాలాసేపు ఆలోచించాడు. ముఖం మెల్లగా వెలిగింది. ‘‘పేరుంటాది, పనుండదు. పదవంటే అదే కదమ్మా! ముందే సెప్పొచ్చు కదేటి?’’ అంటూ సంతకం పెట్టేశాడు. తరవాత పొయ్యి వైపు ఒకసారి చూసి, ‘‘ఈ కూర మట్టుకు నానే దించుతానులే. ఉప్పు సరిగ్గా కుదిరినాది’’ అన్నాడు.

అసిరమ్మ ఇంట్లో లేదు. కల్వర్టు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని పుల్లఐసు తింటోంది. ఆమెకు వారం బట్టి వయసు లేదు కనుక నొప్పులూ లేవు. ఏ పనీ లేదు కనుక ఎవరూ ఏదీ చెప్పడం లేదు. మొన్న ఒక్కతే బస్సెక్కి సినిమాకు వెళ్ళి వచ్చింది.

‘‘నానియ్యనే గుంటా’’ అంది చీటీ సంగతి విని. ‘‘పుట్టింది లగాయతు నా పేరుకి ఎదురుగా ఏదో వొకటి రాస్తానే ఉన్నారు. ఇదిగో, ఇప్పుడు కాళీ అయినాది. ఈ వారం రోజులూ ‘ముసిల్దానివి నీకెందుకే’ అని వొక్కడన్నాడేటి? అనడానికి నాకు వయసేదీ?’’

ఝాన్సీ పక్కన కూర్చోబోయి, మోకాలు వంగక, ‘‘అమ్మా’’ అని గోడ పట్టుకుంది.

అసిరమ్మ ఆ మోకాలి వైపు చూసింది. చూసి చూసి, ఐసు పుల్ల కాలవలో పడేసింది. ‘‘కుడికాలేనా? మెట్టు దిగినప్పుడు సుర్రుమంటాది కదా? ఒలే, అది నాదే. ముప్ఫై ఏళ్ళు సాకినాను దాన్ని. నీకేటి తెలుస్తాది దాని సంగతి. ఇటు తే.’’ బొటనవేలు సిరాలో ముంచి, గట్టిగా నొక్కింది. ‘‘నా నొప్పులు నాకిచ్చీ. కాని సాయంత్రం దాకా నాను కాళీయే. ఇంకో ఐసు తింటాను.’’

ఇక ఒక్క సంతకం. ఝాన్సీ ఇంటికి చేరేసరికి నాలుగుంపావు దాటింది. పంచాయతీ ఆఫీసు అయిదు నిమిషాల నడక. ఆమె కాళ్ళకు పావుగంట.

వరహాలమ్మ గదిలో నేల మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. నోట్లో పెన్ను. ఒక జడ విడిపోయింది. గుమ్మంలో నీడ పడగానే తలెత్తింది.

‘‘మంచి టైముకొచ్చినావు అత్తా! ఈ లెక్క చూడు. స్తంభం నీడ ఇచ్చినాడు, కోణం ఇచ్చినాడు, ఎత్తు అడుగుతున్నాడు. నాకు ప్రతిసారీ తలకిందులుగా వస్తోంది.’’

ఝాన్సీ వంగలేక గుమ్మం పట్టుకునే చూసి, ‘‘నీడని పైన రాసినావమ్మా. అది కిందుండాల’’ అంది.

వరహాలమ్మ కొట్టేసి మళ్ళీ చేసింది. జవాబు పుస్తకం వెనక చూసింది. సరిపోయింది. పదిహేనేళ్ళ పిల్ల నవ్వినట్టు నవ్వింది. ఝాన్సీకి కూడా నవ్వొచ్చింది. అమ్మ అలా నవ్వడం ఆమె అంతవరకూ చూడలేదు. చీటీని వెంటనే చాచలేకపోయింది. చాచాక, వరహాలమ్మ రెండుసార్లు చదివింది.

‘‘రేపట్నుంచేనా?’’

‘‘ఈరోజు అయిదింటికి ఇవ్వాల.’’

వరహాలమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది. ‘‘నాను తొమ్మిదిలో మానీసినాను, తెలుసు కదా. ఎందుకో తెలుసేటి? ఆ ఏడు మా నాన్నకి నీటి సంఘం అధ్యక్షుడు అని వొచ్చినాది. ఆయన పేరు రెండు వరసలయినాది. నాను జారి, మా పిన్ని వరసలో పడ్డాను. దానికెదురుగా పెళ్ళి ఉండేది. మా నాన్న రోజూ పట్టిక దగ్గరికెళ్ళి తన పేరు సదువుకునీవోడు. నాకోసం ఎవులూ చీటీ తేలేదు.’’

‘‘అమ్మా’’ అంది ఝాన్సీ. తరవాతి ముక్కను లోపల రెండుసార్లు అనుకుని చూసుకుంది. నాను పరీక్ష రాస్తాను. నాను పరీక్ష రాస్తాను. మూడోసారికి పైకి వచ్చేలోపల వంటింట్లోంచి జగన్నాయకులు కేక వేశాడు: ‘‘అమ్మా, కూర దించీసినాను! ఎవులొచ్చినా రండి!’’ ఏ అమ్మను పిలిచాడో ఎవరికీ తెలియలేదు.

వరహాలమ్మ చీటీని లెక్కల పుస్తకంలో, తాను చదువుతున్న పేజీ దగ్గర గుర్తుగా పెట్టుకుంది.

‘‘పెడతాను అత్తా, పెట్టనన్నానేటి? ఇంకా టైమున్నాది కదా. ఈ పాఠంలో రెండే లెక్కలున్నాయి. అవి అయిపోనీ.’’ లేచి వచ్చి, ఝాన్సీ చేతికర్ర జారకుండా గోడకు ఆనించి, ఆమె పమిట కొంగు సర్దింది. పెద్దవాళ్ళ పట్ల వరహాలమ్మ ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. ‘‘అరుగు మీద గాలొస్తాది, అక్కడ కూకో. నీ దగ్గుకి నాకు లెక్క తప్పిపోతన్నాది.’’

నిజమే, ఝాన్సీ దగ్గుతోంది. దగ్గు తనదేనని ఆమెకు అప్పుడే తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని సరేనన్నట్టు తల ఊపింది.

తలుపు మెల్లగానే మూసుకుంది.